బెల్లు కొట్టకుండా వచ్చెయ్

ఈరోజు బెల్లు కొట్టకుండా, తన తాళంతో తలుపు తీసుకుని నేరుగా లోపలికి రమ్మని పొద్దున మా ఆవిడతో నేనే చెప్పాను. చెప్పినప్పటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

నాకు ఆడవాళ్ల బట్టలు వేసుకోవడం ఇష్టం. ఆ సంగతి ఆవిడకు పదేళ్లుగా తెలుసు, కళ్లతో మాత్రం ఎప్పుడూ చూడలేదు. మా ఒప్పందం అలాంటిది. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చి, రెండుసార్లు బెల్లు కొట్టి, నేను మామూలు బట్టల్లోకి మారి తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంటుంది. రోజంతా నిలబడి కాళ్లు పీకుతున్నా నోరెత్తదు. ఈమధ్య ఆ మెట్లు గుర్తొస్తే చాలు, నామీద నాకే ఒళ్లు మండుతోంది.

ఇంతకీ ఏం వేసుకోవాలి? బీరువాలోవన్నీ మంచం మీద కుప్ప పోశాను. ఇరవైల్లో అక్క తళుకుల గౌను దొంగతనంగా వేసుకునేవాణ్ణి. ఎంత మెరిస్తే అంత గొప్ప అప్పట్లో. నలభైల్లో, పగలంతా బస్సు నడిపిన కాళ్లను హైహీల్స్‌లో కుక్కి, విగ్గు పెట్టి, లిప్‌స్టిక్ పూసి, సినిమా తార తోబుట్టువుననుకునేవాణ్ణి. ఆనాటి బిగుతు స్కర్టే ఇవాళా ఎక్కించబోయాను. జిప్పు సగంలో మొరాయించింది. ఊపిరి బిగబట్టాను, జిప్పును తిట్టాను, కుట్టినవాణ్ణీ తిట్టాను. అరవై దాటిన డ్రైవరు పొట్ట, ఎవరి మాట వింటుంది?

విసుగెత్తి విప్పి పారేసి, జేబులున్న వదులు నూలుగౌను తగిలించుకున్నాను. ఉక్కపోస్తోందని విగ్గు కూడా తీసేశాను. అద్దంలో నెరిసిన జుట్టు, కళ్లజోడు. దీన్ని చూడ్డానికా ఆవిణ్ణి రమ్మన్నాను? మళ్లీ మార్చుకుందామని చేయి చాచానో లేదో, తాళం తిరిగింది.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే. బాలేదా?"

నవ్వబోయి ఏడ్చేసింది.

"ఆ మెట్ల మీద కూర్చుని ఏమనుకునేదాన్నో తెలుసా? లోపల ఎవరో పాతికేళ్ల అందగత్తె ఉందనుకునేదాన్ని. ఆవిణ్ణి పంపించేసి తలుపు తీశాక, ఈ మొహం చూస్తే మీకేమనిపిస్తుందోనని రోజూ భయమేసేది."

పిచ్చిదానా అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

మంచం మీది కుప్పను పక్కకు తోసి కూలబడింది. కళ్లు తుడుచుకుని నన్ను మళ్లీ చూసింది.

"రండి, కూర్చోండి. ఈవిడది నా వయసే."