అడుగు కనిపించిన రోజు

మోకు కొసను నడుముకు చుట్టి ముడి వేసుకున్నాక కుప్పయ్య ఎప్పటిలాగే భార్య వైపు వీపు తిప్పాడు. తిరుమలమ్మ తెడ్డును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఆ ముడిమీద ఇంకో ముడి బిగించి, వీపుమీద చిన్నగా చరిచింది. ఇక పో అని దాని అర్థం. కుప్పయ్య గుండెల నిండా గాలి పీల్చుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పుట్టి అంచు మీదనుంచి నీళ్ళలోకి జారిపోయాడు.

చిత్తూరు దగ్గరి ఐరాలకు అవతల, గుట్టల మధ్య కట్టిన ఆ రిజర్వాయరులో చేపలు పట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. మునిగేవాడు మాత్రం కుప్పయ్య ఒక్కడే. ఎవరి వల అడుగున తగులుకున్నా అతన్నే కేకేస్తారు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, మెడ లేనట్టు భుజాల్లోకి దిగిపోయిన తల. నీళ్ళలో నాని నాని అరచేతులు తెల్లగా పాలిపోయి ఉంటాయి. లోతు ఒత్తిడికి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. అందుకే ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పి, విన్నా వినకపోయినా నవ్వుతాడు.

తిరుమలమ్మకు అతను మేనమామ. ఊహ తెలిసినప్పటి నుంచీ ‘మామా’ అనే పిలుపు. పెళ్ళయ్యాక కూడా అది మారలేదు. అతను మునుగుతాడు, ఆమె మోకు పట్టుకుంటుంది. ఒకసారి గుంజితే బాగున్నానని, వరసగా గుంజితే లాగమని. వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ మోకు మీదుగానే నడిచాయి.

“కింద ఎట్టుంటాది మామా?” అని పెళ్ళయిన కొత్తలో అడిగింది.

“ఏముండాది మే! మెత్తగా పాచి. ఆడాడ రాళ్ళు. సల్లగా ఉంటాది.”

బురదనీళ్ళలో కళ్ళు తెరిస్తే మంట తప్ప ఏమీ కనబడదని అతను మొదటి రోజే తెలుసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ తెరవలేదు. చేతివేళ్ళతో తడుముకుంటూ పోయి, వల విడిపించుకుని, అలాగే వెనక్కి వచ్చేసేవాడు.

ఆ ఉదయం కూడా ఆదిమూలం వల విడిపించి పైకొచ్చాడు. దాంట్లో బొచ్చె చేపలు రెండు ఇంకా కొట్టుకుంటున్నాయి. ఆదిమూలం తన పుట్టిలోంచి చేయెత్తి దండం పెట్టాడు. కుప్పయ్య నవ్వాడు.

రఘునాథ్ గట్టుమీద నిలబడి పిలిచింది అప్పుడే. అతనిది నాయుడుపేట. చేపల కాంట్రాక్టు పనులు చూసుకోవడానికి వచ్చి మూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. చేతిలో కొత్త అట్టపెట్టె ఉంది.

“నీళ్ళ కెమెరా కుప్పయ్యన్నా. దించితే అడుగంతా ఈ తెరమీద కనిపిస్తుంది. వల ఎక్కడ తగులుకుందో ముందే చూసుకోవచ్చు. నువ్వు ఊరికే మునిగే పనుండదు.”

“ఈ బురదలో అది సూసేది ఏముండాది సార్?” అన్నాడు ఆదిమూలం. “సెరువులో అయితే సరే. ఇంత పెద్ద నీళ్ళల్లో చేప యాడుండాదో, కెమెరా యాడుండాదో!”

“చేపల కోసం కాదులే. చూద్దాం, పనికిరాకపోతే మానేద్దాం.”

ఎండాకాలం. నీళ్ళు తగ్గి, గాలి లేక, తేరుకుని ఉన్నాయి. రఘునాథ్ కుప్పయ్య వాళ్ళ పుట్టిలోకే ఎక్కి, తెరను ఒడిలో పెట్టుకుని తీగ వదిలాడు. మొదట అంతా ఎర్రమన్ను రంగు. తర్వాత ఒక జిలేబి చేప వచ్చి నోరు తెరిచి మూసి పోయింది. తిరుమలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తీగ ఇంకా దిగింది. కెమెరా దీపం వెలుగులో ఏదో నల్లగా పైకి లేచింది.

అది డ్యామ్ కట్టకముందు ఉన్న దోవమీది పాత వంతెన. సగం కూలిపోయి ఉంది. పగిలిన కాంక్రీటులోంచి ఇనుప కమ్ములు ఈటెల్లా పైకి పొడుచుకొచ్చాయి. వాటి నిండా ఏళ్ళ తరబడి తెగి మిగిలిపోయిన వలలు, ఒకదాని మీద ఒకటి, తెరలు తెరలుగా వేలాడుతున్నాయి. ఒక వలలో తాబేటి చిప్ప. ఇంకో దాంట్లో ఏదో పశువు పుర్రె, కొమ్ముతో సహా. ఆ కమ్ముల నడుమ మనిషి పట్టేంత సందు.

“ఇది యాడ సార్?” అంది తిరుమలమ్మ.

“ఇక్కడే, మన కిందే.”

కుప్పయ్య తెరమీదికి వంగాడు. నానిన వేలు ఒక్కో కమ్మి దగ్గరా ఆగుతూ పోయింది.

“ఇది సెట్టుకొమ్మ అనుకున్నానే...” అన్నాడు. “మే... నేను దూరేది ఈ సందులోనే మే.”

అతని మొహంలో నవ్వు లేదు. తిరుమలమ్మ తన కుడిచేతిని చూసుకుంది. ఇన్నేళ్ళూ వీపు చరిచి అక్కడికి పంపింది ఆ చెయ్యే. ఆ చేత్తోనే పుట్టి అంచు పట్టుకుంది.

రఘునాథ్ గబగబా తీగ లాగాడు. రాలేదు. కెమెరా వలల్లో చిక్కుకుంది.

“పోతే పోనీ అన్నా. వదిలేద్దాం.”

“కొత్తది గదా సార్,” అన్నాడు కుప్పయ్య. “మీరు నాకోసరమే తెస్తిరి. తెలిసిన దోవే, తెచ్చేస్తా.”

“వద్దు మామా!”

ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అతను వినబడనట్టు వీపు తిప్పి కూర్చున్నాడు. ఎడమ చెవి ఆమె వైపు ఉంది. రఘునాథ్ మళ్ళీ వద్దన్నాడు. కుప్పయ్య కదల్లేదు. చేసేది లేక ఆమె ముడి వేసింది. కానీ వీపు చరవలేదు. అతను కొంచెంసేపు ఎదురుచూశాడు. తర్వాత తనంతట తనే జారిపోయాడు.

ఆదిమూలం తన పుట్టిని పక్కకు చేర్చాడు. ముగ్గురూ తెరకేసి చూస్తున్నారు. వలల వెనకనుంచి చెయ్యి వచ్చింది. తెల్లటి వేళ్ళు తీగను తడిమి, పసిపిల్ల జడ విప్పినంత మెల్లగా చిక్కు తీశాయి. తర్వాత మొహం. బుగ్గలు ఉబ్బి, కళ్ళు మూసుకుని ఉన్నాయి.

అంతలో కుప్పయ్య కళ్ళు తెరిచాడు.

అతను కెమెరా వైపు చూడలేదు. పక్కకు చూశాడు, పైకి చూశాడు, వెనక్కి చూశాడు. జాతరలో తప్పిపోయిన పిల్లవాడి చూపు అది. “మామా!” అని తిరుమలమ్మ తెరకేసి అరిచేసింది. అతను వచ్చిన సందు వైపు కాకుండా రెండో వైపుకు తిరిగాడు. అడుగునుంచి బురద లేచింది. తెర ఎర్రబారిపోయింది.

రఘునాథ్ చేతిలో తీగ వదులైంది, కెమెరా తేలిగ్గా పైకొచ్చేసింది. మోకు మాత్రం కదల్లేదు. ఆమె గుంజింది. మళ్ళీ గుంజింది. అవతలినుంచి ఏ జవాబూ రాలేదు. ఆదిమూలం దూకాడు, ఇంకో ఇద్దరు దూకారు. అంత లోతుకు ఎవరికీ ఊపిరి చాల్లేదు.

చిత్తూరునుంచి గజఈతగాళ్ళొచ్చి వలలు కోసి అతన్ని పైకి తెచ్చేసరికి ఎండ గుట్టల వెనక్కి పోయింది. మోకు రెండు కమ్ములకు మెలికపడి ఉందన్నారు.

“కండ్లు తెరవకుండా ఉంటే వచ్చేసుండునే,” అన్నాడు ఆదిమూలం, ఎవరితోనో కాదు, నీళ్ళతో.

రఘునాథ్ గట్టుమీద కూలబడ్డాడు. “నేను వద్దన్నాను కదమ్మా... వద్దనే అన్నాను...”

“అవును సార్. వద్దంటిరి,” అంది తిరుమలమ్మ. ఆమెకు ఏడుపు రాలేదు. కుప్పయ్య కళ్ళు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. వాటిని మూయడానికి చెయ్యి చాపింది గానీ, తాకలేక మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆదిమూలమే మూశాడు.

ఆటో వచ్చింది. కుప్పయ్యను పడుకోబెట్టి, అందరూ తడిబట్టలతోనే ఎక్కారు. గట్టుమీద సర్కారుతుమ్మ కొమ్మకు అతను పొద్దున విప్పి తగిలించిన చొక్కా, ఒక చెయ్యి లోపలికి తిరగబడి, పొడిగా ఉంది.