చలికాలం బండి

"ఇక నీకా చలి తిప్పలు తప్పాయిలే. రేపట్నుంచి నేనే కారులో దింపుతా," అన్నాడు నార్మన్.

నేను సింకు దగ్గర పళ్ళాలు కడుగుతున్నాను. అతను రిటైరై వారం అయిందేమో. మోచేతుల దాకా సబ్బునురగతోనే "అలాగే" అన్నాను. అలాగే అనటానికి నేను ఆలోచించనక్కర్లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా నోట్లో సిద్ధంగా ఉండే మాట అది. ముందు గదిలో కుర్చీలో కూర్చున్న మా అత్తగారు ఐవీకి మామూలుగా ఏదీ వినిపించదు గానీ ఇది మాత్రం వినిపించింది. "మీ మామ నన్ను చర్చికైనా ఎప్పుడూ బండి మీద తీసుకెళ్ళి ఎరగడు. పెట్టి పుట్టావు గ్లెండా," అంది.

మాది వేర్‌డేల్ లోయలో పైకొస. కొండ దాటి అవతలికి దిగితే ఆల్‌స్టన్. అక్కడి వృద్ధుల ఆశ్రమంలో వంటింట్లో నా పని. నవంబరు వచ్చిందంటే మా రోడ్ల మీద ఉప్పు చల్లే లారీలు తిరుగుతాయి. మంచు కరగటానికి చల్లే ఆ ఉప్పు ఇనుమును కొరుక్కు తింటుంది. అందుకే మా వైపు మోటార్ సైకిళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు రెండు ఉంచుకుంటారు. ఒకటి వేసవికి, షోకుకి. ఇంకోటి చలికాలానికి, రోజువారీ తిరుగుళ్ళకి. నార్మన్‌కి ఎర్రటి ట్రయంఫ్ ఉంది. అక్టోబరు చివర్లో దాన్ని తుడిచి, నూనె రాసి, నూలు దుప్పటి కప్పి, గరాజులో పాత తివాచీ ముక్క మీద నిలబెడతాడు. మళ్ళీ ఏప్రిల్ దాకా అది వాన చుక్క ఎరగదు. రెండోది పాత హోండా. టాంకు మీద గీతలు, హ్యాండిల్‌కి గాలి తగలకుండా తొడిగిన వెలిసిపోయిన తొడుగులు, కాళ్ళకి అడ్డంగా ఎప్పుడో బిగించిన రేకులు. అది ఎప్పుడూ బయట రేకుల పందిరి కిందే.

నార్మన్ పనిచేసే క్వారీ వాళ్ళు అతనికి వ్యాను ఇచ్చాక హోండా ఖాళీగా పడి ఉంది. అదే ఏడు బస్సు ఆపేశారు. నాకు పనికి వెళ్ళే దారి లేదు. "ఎలాగూ పాత బండే కదా, దాని మీద నేర్చుకో. పడేసినా పర్లేదు," అన్నాడు నార్మన్. పడేసినా పర్లేదన్నది బండి గురించే అనుకున్నాను అప్పుడు. నలభై దాటాక, ఐవీ నవ్వుతుండగా, వీధిలో వాళ్ళు కిటికీ తెరలు జరిపి చూస్తుండగా నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను. ఆ తర్వాత ఎన్ని చలికాలాలు ఆ కొండ ఎక్కి దిగానో!

ఆ దారి గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పటానికి ఏముంది? ఇంట్లో లేచింది మొదలు నన్ను పిలిచేవాళ్ళే. టీ, మందులు, ఇస్త్రీ, నార్మన్ సాండ్విచ్, ఐవీ మేజోళ్ళు. ఆశ్రమంలో అడుగు పెడితే గంజి పల్చగా ఉందనే వాళ్ళు, చిక్కగా ఉందనే వాళ్ళు. ఈ రెండిళ్ళ మధ్య ఆ కొండ. హెల్మెట్ పెట్టుకుని గొంతు కింద పట్టీ బిగించాక ఇక నన్నెవరూ పిలవలేరు. మంచులో దారి తెలియటానికి రోడ్డు పక్కన పాతిన కర్రలు ఒక్కొక్కటీ చీకట్లోంచి వచ్చి నన్ను దాటిపోతాయి. ఉప్పు పడి మంచు కరిగిన తారు మీద గొర్రెలు పడుకుని ఉంటాయి. మెల్లగా వాటి పక్క నుంచి పోతే ఒకటి తలెత్తి చూసి మళ్ళీ పడుకుంటుంది. ఆ హెల్మెట్‌లో పాటలు పాడాను. అత్తగారికి చెప్పలేని సమాధానాలన్నీ చెప్పాను. మా అక్క చనిపోయిన చలికాలమంతా అందులోనే ఏడ్చాను, ఇంట్లో ఎవరి భోజనమూ ఆలస్యం కాకుండా. ఓసారి శిఖరం మీద బండి ఆపి, ఇంజన్ కట్టేసి, గాలి తప్ప ఏమీ లేని చోట ఊరికే నిలబడ్డాను. పనికి ఆలస్యమైంది. గొర్రెలు అడ్డమొచ్చాయని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం కూడా నా సొంతమే అనిపించి రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఇప్పుడు కారు. నార్మన్ ముందే బయటికెళ్ళి అద్దాల మీది మంచు గీకి, సీటు వెచ్చగా చేసి ఉంచుతాడు. అందులో తప్పు పట్టటానికి ఏమీ లేదు. దారంతా రేడియో, మధ్యలో అతని మాటలు. కౌన్సిల్ వాళ్ళకి రోడ్లు వేయటం చేతకాదు, ఫలానావాడు మోకాలు మార్పించుకున్నాడు, మధ్యాహ్నం అమ్మకీ నాకూ ఫ్రిజ్‌లో ఏం పెట్టావు. నేను చేతి తొడుగుతో అద్దం మీది ఆవిరి తుడిచి బయటికి చూస్తాను. మళ్ళీ ఆవిరి కమ్ముతుంది. శిఖరం ఎప్పుడు దాటామో తెలియదు. వెచ్చగా ఉంటుంది, చెమట పట్టేంత. సాయంత్రం నేను బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఇంజన్ నడుస్తూ ఉంటుంది. "మా ఆయన నన్ను వాన పడుతున్నా నడిచే రమ్మంటాడు. మీ ఆయన బంగారం," అంటుంది నాతో గిన్నెలు కడిగే డెనిస్. నిజమే అంటాను. రాత్రి పక్క మీద పడుకుని కళ్ళు మూసుకుంటే చెంపల మీద ఆ గాలి కోత కావాలనిపించేది. ముఖం మొద్దుబారిపోయి, వేళ్ళు నెప్పి పుట్టి, నేను ఉన్నానని తెలిసే ఆ చలి. దానికోసం ఒళ్ళంతా తపించిపోయేది. మగవాడి కోసం అయితే ఎవరితోనైనా చెప్పుకుందును. చలి కోసం అని ఎలా చెప్పను?

ఫిబ్రవరి చివర్లో ఓ రాత్రి బంగాళాదుంపలు వడ్డించుకుంటూ నార్మన్ అన్నాడు, హోండా కొనటానికి శనివారం హెక్సామ్ నుంచి ఒకాయన వస్తున్నాడని. ఊరికే తుప్పు పట్టటం ఎందుకు, ఇప్పుడైతే ఎవరికో ఒకరికి పనికొస్తుందని. నన్ను అడగాలని అతనికి తోచలేదు. దాచాలని మాత్రం కాదు. అది నన్ను అడగదగిన సంగతిగా కనపడలేదు, అంతే. నేను ఐవీ పళ్ళెంలో మాంసం చిన్న ముక్కలుగా కోస్తూ ఉన్నాను.

వచ్చినాయన పేరు హెథరింగ్టన్. నెమ్మదైన మనిషి. మంచి బండి ఒకటి ఉందట, దాన్ని ఉప్పు నుంచి కాపాడుకోవాలట. నేను టీ పళ్ళెం పట్టుకుని బయటికి వెళ్ళేసరికి ఆయన గొంతుక్కూర్చుని గొలుసు చూస్తున్నాడు. నార్మన్ జేబుల్లో చేతులు పెట్టుకుని, "నా చలికాలం బండి అండీ. ఎన్నేళ్ళయినా నన్నెప్పుడూ దారిలో వదిలెయ్యలేదు," అని చెబుతున్నాడు. గొలుసుకి నూనె ఎంత శ్రద్ధగా పెట్టేదీ, ఇంటికి రాగానే ఉప్పంతా చన్నీళ్ళతో ఎలా కడిగేదీ చెప్పాడు. ఆ చన్నీళ్ళకి పగిలిన వేళ్ళతోనే నేను టీ పళ్ళెం పట్టుకుని ఉన్నాను.

"ఈమధ్య ఎవరు నడిపారు?" అడిగాడు హెథరింగ్టన్.

"మా ఆవిడ, అప్పుడప్పుడూ."

అప్పుడప్పుడూ. నాకు కోపం రాలేదు. ఎవరో మెత్తటి రబ్బరుతో నన్ను కాగితం మీంచి చెరిపేస్తున్నట్టు ఉంది, అంతే. టీ పళ్ళెం పిట్టగోడ మీద పెట్టి లోపలికెళ్ళాను. బూట్లు వేసుకున్నాను. అల్మారా అడుగు నుంచి నా పాత జాకెట్టు, హెల్మెట్ తీశాను. ఎక్కడికే అని ఐవీ అడిగింది. జిప్పు పైకి లాక్కుంటూ బయటికొచ్చాను.

"ఎలా నడుస్తుందో చూపిస్తానండీ," అన్నాను హెథరింగ్టన్‌తో. నార్మన్ నవ్వి, "ఈ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చెయ్, చాలు," అన్నాడు.

వీధి చివర కుడి పక్కకి తిప్పి కొండెక్కాను.

రోడ్డుకి రెండు పక్కలా మంచు మురికిగా కరుగుతోంది. నెలల తరబడి కదలని బండి మొదట్లో తడబడి, చర్చి దాటాక తన దారిలో పడింది. గాలి మెడ దగ్గర్నుంచి దూరి ఒంట్లోకి వచ్చేసింది. ఎంత చలి! నాకు నవ్వొచ్చింది. పైన ఎక్కడో పొడుగు ముక్కు పిట్ట అరిచింది. అవి సముద్రం పక్క నుంచి తిరిగొస్తే మాకు చలికాలం వెనక్కి తగ్గినట్టు. శిఖరం మీద ఆగాను. అవతల లోయ, దాని అవతల ఇంకో కొండ, ఆ వెనక ఎక్కడో సముద్రం. టాంకులో పెట్రోలు ఉంది. అలాగే దిగిపోతే రాత్రికి ఏదో ఒక ఊళ్ళో ఉంటాను. నిజంగానే చాలాసేపు ఆలోచించాను. కానీ నాకు కావలసింది వేరే ఊరు కాదు. ఈ కొండే, రేపూ ఎల్లుండీ కావాలి. వెనక్కి తిప్పాను.

హెథరింగ్టన్ ఇంకా ఉన్నాడు. టీ చల్లారిపోయింది. బండి దిగకుండానే చెప్పాను. "ఇది అమ్మకానికి లేదండీ. ఇంత దూరం తిప్పించినందుకు ఏమీ అనుకోకండి."

ఆయన నా ముఖం వంక చూశాడు. అది ఎర్రగా కంది, ముక్కు కారుతూ ఉండి ఉంటుంది. "మీ స్థానంలో ఉంటే నేనూ ఇచ్చేవాణ్ణి కాదు," అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నార్మన్ ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆగాడు. "మనిషి ముందు నన్ను వెధవని చేశావు," అన్నాడు. తర్వాత గొంతు మారింది. "నేనేం తక్కువ చేశాను గ్లెండా? పొద్దున్నే లేచి వెచ్చగా తీసుకెళ్ళి దింపుతున్నాను కదా."

"ఏం తక్కువ చేయలేదు. రోజంతటిలో ఆ కాసేపే నేను ఒక్కదాన్నీ ఉండేదాన్ని నార్మన్. అది పోయింది."

"అంత ఉంటే ముందే చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? నీ పక్కన కూర్చుని రావటం ఇష్టం లేదనా?"

అతను చల్లారిన కప్పులవైపు చూశాడు. పెద్దవాడైపోయాడు నార్మన్. చెవుల మీద జుట్టు మొత్తం నెరిసింది. నేనే గమనించలేదు.

"ఇష్టం లేదా?" అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలని.

"లేదు," అన్నాను.

దాని వెంటనే నా నోట్లోకి మెత్తటి మాటలు చాలా వచ్చాయి. నీ తప్పేం లేదని, అలా అని కాదని, వాన పడిన రోజు నువ్వే దింపుదువుగానిలే అని. అలవాటు కదా, వాటంతట అవే వచ్చి నాలుక చివర నిలబడ్డాయి. ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు.