ఎడమ అంచు పైకి

చేప ముళ్ళు తీసి పెట్టమని వేరే చెప్పనక్కర్లేదు, వంటింట్లో వాళ్ళకే గుర్తుంటుంది, ఏటా తీసే పెడతారుగా అనుకుంటూ హరునో సత్రం గుమ్మంలో చెప్పులు విడిచింది, విడిచి అలవాటు చొప్పున వంగి రెండో జత విప్పడానికి చెయ్యి చాపింది, అక్కడ ఏ పాదాలూ లేవు, తుడిచి తుడిచి నల్లబడిన చెక్క నేల ఉంది, ఆ చాపిన చేతిని ఏం చేసుకోవాలో తోచక సంచీ పట్టీ సర్దుకుంటున్నట్టు నటించింది, ఈలోగా లోపలి నుంచి మిత్సుయో, ఎన్నో ఏళ్ళుగా వాళ్ళ గది చూసుకునే మిత్సుయో, పరుగులాంటి నడకతో వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నేలకి నుదురు తాకించి, వచ్చేశారా అమ్మగారూ, ఏరీ మా అయ్యగారు, నా కోసం కారులో ముస్తాబవుతున్నారా ఏమిటి అని పకపకా నవ్వింది, అప్పుడే చెప్పేయాల్సింది, నోరు కూడా తెరిచింది, తెరిచిన నోట్లోంచి, వెనకాల వస్తున్నారు మిత్సుయో, మా మరిది తీసుకొస్తున్నాడు, కొండ దారి కదా, ఆయన్ని పెట్టుకుని నెమ్మదిగా రావాలి అని వచ్చింది, ఎంత నున్నగా వచ్చింది అబద్ధం, ఇంట్లో రోజూ వాడే గిన్నె తీసినంత సులువుగా, మరిది యసుహికో ఈపాటికి తన కొట్లో కూర్చుని గొడుగులు బాగుచేసుకుంటూ ఉంటాడు, వదిన ఇక్కడికి వచ్చిందని కూడా అతనికి తెలియదు.

ఫోనులోనే మొదలైంది ఇదంతా, ఎప్పటిలాగే ఇద్దరేనా అమ్మా అని అటువైపు అమ్మాయి అడిగితే, ఆఁ, ఎప్పటిలాగే అంది, ఫోను పెట్టేశాక చాలాసేపు దాని పక్కనే కూర్చుంది, తప్పు చేశానన్న భయం కాదు, సంతోషం, సిగ్గులేని సంతోషం, ఎందుకంటే ఊళ్ళో అందరికీ తెలుసు, కూరలమ్మే ఆయనకి తెలుసు, మందుల కొట్టు అమ్మాయికి తెలుసు, వీధిలో ఎదురైతే చాలు తల ఒక పక్కకి వాల్చి గొంతు తగ్గించి ఎలా ఉన్నారండీ అంటారు, ఆ అడగడంలోనే తన భర్త గెన్‌జో మరోసారి పోతాడు, రోజుకి ఎన్నిసార్లు పోతాడో మనిషి, ఈ కొండ మీద ఈ ఒక్క సత్రంలో మాత్రం ఎవరికీ తెలియదు, ఇక్కడ ఆయన ఇంకా బతికే ఉన్నాడు, ఇక్కడ ఆయన కోసం చేప ముళ్ళు తీస్తున్నారు, ఈ ఒక్క సాయంత్రం ఆయన్ని బతికించుకుంటే చాలు, రేపటి సంగతి రేపు.

గదిలో బల్లకి అటూ ఇటూ రెండు మెత్తలు, ఆయన మెత్త వెనక ఆనుకోవడానికి పీట, పట్టుకోవడానికి వీలుగా లావు పిడి చుట్టిన చెంచా, దాన్ని పోయినేడు మిత్సుయోనే పాత గుడ్డతో చుట్టింది, ఇంకా అలాగే దాచి ఉంచింది మహాతల్లి, మూలన బుట్టలో రెండు నూలు యుకాతాలు, స్నానమయ్యాక ఒక అంచు మీద ఇంకో అంచు కప్పి కట్టుకునే అంగీలు, మడతపెట్టి, పైది పొడుగు, గెన్‌జో పొడగరి, పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయాక కూడా పొడుగు తగ్గలేదు, ఎత్తి కూర్చోబెట్టేసరికి నడుం విరిగేది, మాట కూడా పోయింది పాపం, గొంతులో ఊఁ ఊఁ అనే మూలుగు ఒక్కటే మిగిలింది, మిత్సుయో టీ పోస్తూ, పోయినేడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదండీ మీ ఆయన, మీరు చూసి కుళ్ళుకున్నారు, ఒప్పుకోండి, అంటే హరునో తడుముకోకుండా, నీ చెయ్యా, నీ చేతిలో ఉన్న గుడ్డు గిన్నె, ఆవిరి మీద ఉడికించిన ఆ గుడ్డు కోసమైతే ఆయన నన్నైనా అమ్మేస్తారు అంది, అమ్మేస్తారు అంది, అమ్మేసేవారు అనలేదు, ఆ ఒక్క మాటకి ఒళ్ళంతా వెచ్చబడింది, ఇద్దరూ నవ్వారు, నిజంగానే నవ్వారు, మిత్సుయో లేస్తూ, చిన్న స్నానాల గది మీ ఇద్దరికీ అట్టేపెట్టాను, అయ్యగారు రాగానే వెళుదురుగాని అని, తలుపు దగ్గర ఆగి కిటికీ వైపు చూసి, వాన పట్టిందండీ, మలుపుల్లో రాళ్ళు జారతాయి, ఒకసారి మీ మరిదిగారికి ఫోన్ చేద్దామా అంది, కొండల్లో అందదులే, వస్తారులే అంది హరునో, ఆ లే, లే అనడం తన చెవికే దొంగమాటలా వినిపించింది, మిత్సుయో మాత్రం వెళుతూ వెళుతూ అయ్యగారి మెత్తని చలికాచుకునే పొయ్యి దగ్గరికి కాస్త జరిపి వెళ్ళింది.

అలా జరపకుండా ఉండాల్సింది, అంతవరకూ బాగానే ఉంది, ఆ మెత్త వెచ్చగా ఎదురుచూస్తోంది, దాని ఎదురుగా కూర్చోవడం తన వల్ల కాలేదు, తువ్వాలూ యుకాతాల బుట్టా పట్టుకుని ఒక్కతే స్నానాల గదికి పోయింది, తలుపు మీది చెక్క పలకని లోపల ఉన్నారు అనే వైపుకి తిప్పింది, ఎంతమంది ఉన్నారో ఆ పలక చెప్పదు, వేడి ఊటనీళ్ళ గంధకం వాసన, రాతి తొట్టె అంచు మీదుగా నీళ్ళు పొర్లి పోతున్నాయి, ఈ అంచు మీద కూర్చోబెట్టి ముందు ఎడమ కాలు దించి, తర్వాత తను నీళ్ళలోకి దిగి కుడి కాలు ఎత్తి దించేది, నీళ్ళు మెడదాకా వచ్చాక గెన్‌జో కళ్ళు మూసుకుని నిట్టూర్చేవాడు, ఆ నిట్టూర్పు కోసమే ఇంత దూరం రావడం, ఇప్పుడు నీళ్ళలో తనొక్కతే నిట్టూర్చి చూసింది, ఏడుపులా వచ్చింది, ఆపేసింది, ఆయన్ని చివరిసారి కడిగినప్పుడు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, శవాలకి బట్టలు కట్టే మనిషి చాలా మెత్తగా మాట్లాడాడు, మీరే కడతారా అమ్మా అన్నాడు, ఆఁ నేనే, ఎవరు కడతారు మరి, రోజూ నేనే కదా, తెల్లటి అంగీ తొడిగి చకచకా అంచులు కప్పేసింది, ఆ మనిషి చేతులు జోడించి, అమ్మా, ఇవాళ అటు కాదు, ఇవాళ కుడి అంచు పైకి రావాలి అన్నాడు, అవును కదా, బతికున్నవాళ్ళకి కుడి అంచు ఒంటికానించి ఎడమది పైకి, పోయినవాళ్ళకి తిరగేసి, పసిపిల్లలకీ తెలిసిన సంగతి, ఆటలో తిరగేసి కట్టుకుంటే అమ్మమ్మలు చేతి మీద ఒక్కటిచ్చి మళ్ళీ కట్టిస్తారు, తెలిసినా చేతులు వినలేదు, ఆ మనిషి కళ్ళముందే విప్పి తిరగేసి కప్పింది, కప్పుతున్నంతసేపూ ఇంకో సంగతి కోసం చూసింది, ఆ ఎడమ చెయ్యి కోసం, రోజూ బట్టలు కట్టేటప్పుడు ఊరుకునేది కాదు ఆ ఎడమ చెయ్యి, పనిచేసే చెయ్యి అదొక్కటే కదా, హరునో మెడ దగ్గర బట్ట పట్టుకుని లాగేది, తడిమేది, ఊఁ ఊఁ అంటూ ఒకటే గుంజుడు, అబ్బబ్బ, పిల్లాడిలా ఏమిటండీ ఇది, చెయ్యి తీయండి, అసలే చలి, అని దాని మీద ఠప్పున కొట్టేది, ఆ రోజు ఆ చెయ్యి లేచి లాగితే బాగుండునని చూసింది, అది కదల్లేదు.

చాలు, లే, ఒళ్ళు నాని ముడతలు పడుతోంది అనుకుని లేచింది, అద్దమంతా ఆవిరి, బుట్టలోంచి యుకాతా తీసి తొడుక్కుంది, ఆయన పోయాక ఇలాంటిది ఒంటి మీద వేసుకోవడం ఇదే, ఇంట్లో ఏ స్వెట్టరుతో ఉంటే ఆ స్వెట్టరుతోనే పడుకుంటోంది, ఎవరు చూడొచ్చారు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, ఎడమ చేతిలోది ముందు, కుడి చేతిలోది పైన, నడికట్టు రెండు చుట్లు చుట్టి ముడి, మనసు మాత్రం మెత్త దగ్గరే ఉంది, భోజనం వచ్చేస్తుంది, కారు దారిలో ఆగిపోయిందని చెప్పాలి, రేపు పొద్దున వస్తారని చెప్పాలి, ఒక్క రాత్రి గట్టెక్కితే చాలు అనుకుంటూ నడవలోకి వచ్చేసరికి ఎదురుగా పళ్ళెం పట్టుకుని మిత్సుయో, పళ్ళెంలో మూత పెట్టిన గిన్నెలు, అయ్యగారి గుడ్డు గిన్నె కూడా, అమ్మగారూ కారు అని ఏదో అనబోయి ఆగిపోయింది, తన ముఖం కేసి కాదు, గుండెల కేసి చూస్తోంది, పళ్ళెం నేల మీద పెట్టేసింది, నడవలో, ఎవరైనా తొక్కుతారని కూడా చూసుకోకుండా, ఎప్పుడూ నవ్వే ఆ ముఖంలో రక్తం లేదు, ఇదేమిటమ్మా, ఇలా కట్టుకున్నారేమిటి అంది, హరునో తల వంచి చూసుకుంది, కుడి అంచు పైకి ఉంది.

విప్పబోతే వేళ్ళు ముడి మీద జారిపోయాయి, అదీ, ఆయనకి కట్టి కట్టి, ఎదురుగా కూర్చుని కడతాను కదా మిత్సుయో, ఎదుటి మనిషికి సరిగ్గా వచ్చేది మనకి తిరగబడుతుంది, చేతులకి అదే అలవాటైపోయింది, అంతే, అంతకన్నా ఏం లేదు, అని గబగబా ఏదో చెప్తూనే ఉంది, మిత్సుయో వినకుండా రెక్క పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళి తలుపు జరిపేసింది, ఎదురుగా నిలబడి నడికట్టు విప్పి, కుడి అంచు లోపలికి తోసి, ఎడమ అంచు దాని మీదికి లాగి, అరచేత్తో గుండెల మీద అదిమి పెట్టింది, అలా అదిమి పెట్టే, తల ఎత్తకుండా, అయ్యగారు కారులో లేరు కదమ్మా అంది, లేరు అనాలి, రెండక్షరాలు, ఊళ్ళో ఎంతమందితో అనలేదు, ఇక్కడ అంటే మాత్రం ఇంకెక్కడా ఉండరు, ఇదే ఆఖరు చోటు, కిటికీ మీద వాన, పొయ్యి దగ్గర మెత్త, మిత్సుయో చెయ్యి గుండెల మీద వేడిగా ఉంది, లేరు, అంది హరునో.

ఎప్పుడు అంది, మంచు కరిగే రోజుల్లో అని హరునో అంటే, అయ్యో మరి నాకు చెప్పొద్దూ, పొద్దుటి నుంచీ వెర్రిమొహంలా వంటింట్లో కాలు నిలవకుండా తిరిగాను, గుడ్డు మెత్తగా ఉడకాలి, పుట్టగొడుగు సన్నగా తరగాలి, మా అయ్యగారు నమల్లేరు అని ఒకటే పోరు పెట్టాను, అని కోప్పడుతూనే ఏడ్చేసింది మిత్సుయో, కోపమూ నిజమే ఏడుపూ నిజమే, కారుతున్న ముక్కుని చేతి వెనకతో తుడుచుకుంటూ నడికట్టు బిగించి కట్టింది, ముడి వేసి రెండుసార్లు తట్టింది, తట్టి, ఏదో గుర్తొచ్చినట్టు, అయినా అమ్మగారూ, ఆయన పడిపోయిన దగ్గర్నుంచీ మీరే కదా కడుతున్నారు, ఏటా ఇదే గదిలో ఇలాగే స్నానం చేసొచ్చి నా ఎదురుగా కూర్చుని తిన్నారు, ఒక్కనాడూ మీది తిరగబడి ఉండగా చూడలేదే నేను, అంది, ఊరికే అంది, అని పళ్ళెం తేవడానికి నడవలోకి పోయింది.

నిజమే కదా, ఎందుకు తిరగబడలేదు, చేతుల అలవాటు ఇవాళ కొత్తగా వచ్చిందేం కాదు, అప్పుడూ ఇవే చేతులు, ఇదే తొందర, ముందు తను తొడుక్కుని, చేతికొచ్చినట్టు అంచులు కప్పుకుని, నడికట్టు కట్టుకోకుండానే ఆయన ముందు మోకాళ్ళ మీద కూలబడి ఆయనకి కట్టడం, అది అయ్యేదాకా ఆ ఎడమ చెయ్యి తన మెడ దగ్గర ఒకటే గుంజుడు, ఒక అంచు పట్టి బయటికి లాగేది, వదిలేది, రెండోది వెతుక్కునేది, వణుకుతూ వెతుక్కునేది, ఊఁ ఊఁ అంటూ నుదుటి నిండా చెమటలు పట్టేవి ఆ కాస్త పనికే, తను విసుక్కుని, సరే, అయిందా మీ ఆట అని, ఆయన లాగి వదిలినది లాగి వదిలినట్టే ఉంచి పైన నడికట్టు బిగించేసుకునేది, అప్పుడు గెన్‌జో చెయ్యి దించేసి కళ్ళు మూసుకుని నిట్టూర్చేవాడు, ఆట కాదు అది, గుంజుడు కాదు, కుడిది లోపలికి, ఎడమది పైకి, మాట లేని మనిషి, ఒంటి చేత్తో, పెళ్ళాం తన ఎదుట, పోయినవాళ్ళ కట్టుతో, కూర్చుంటే చూడలేక, రోజూ, ఆయనకి నేనే కడుతున్నాను, నేను తప్ప ఎవరున్నారు అని ఊరంతా చెప్పుకుంది తను, హరునో సరిగ్గా కట్టి ఉన్న ఎడమ అంచు మీద చెయ్యి వేసుకుంది, రోజూ నాకు ఆయనే కట్టారు, నేను ఆ చెయ్యి మీద కొట్టాను.