తాతయ్య పేరున్న డబ్బా

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. పొయ్యి దగ్గర జిగురన్నం వండుతున్న అమ్మమ్మ, పక్కనే నేను, వసారాలో చాప మీద తాతయ్య, ఆయన ఎదురుగా స్నేహితుడు కేన్ తాత.

మా ఊరి ఆరోగ్య కార్యకర్త లమున్ అత్త అరవై దాటినవాళ్ళందరికీ ముందురోజు తలో మూత డబ్బా ఇచ్చి వెళ్ళింది. "పొద్దున దొడ్డికెళ్ళినప్పుడు గోరంత ఇందులో వెయ్యండి. పేగు వాచిందా, రక్తం పడుతోందా, పచ్చి చేపతో కాలేయంలో చేరే పురుగు గుడ్లున్నాయా, అన్నీ తెలుస్తాయి. ముసలితనంలో వచ్చే రోగాల జాడ ముందు కడుపులోనే దొరుకుతుందట" అంది.

కేన్ తాత అరటాకు పొట్లం విప్పి రెండు డబ్బాలు తీశాడు. ఒకటి ఆయనది, రెండోది ఖమ్‌ఫన్ అని తాతయ్య పేరున్నది. రెండింట్లోనూ ఉన్నది కేన్ తాతదే.

"నాది బంగారంరా ఖమ్‌ఫన్! పోయినసారి మచ్చ లేదన్నారు. మరి నా కూలి?"

తాతయ్య గిన్నె ముందుకు తోశాడు. సన్నగా తరిగిన పచ్చి చేప, కారం, పులుపుకు ఎర్రచీమలు. కేన్ తాత పైన నిమ్మకాయ పిండాడు.

"చూశావా, ఎలా తెల్లబడిందో. ఉడికినట్టే."

"ఉడక్కపోతే మాత్రం ఏం? పురుగు మాత్ర వేసుకుంటే సరి" అంటూ తాతయ్య నవ్వాడు. నవ్వుతూనే కుడివైపు డొక్క నొక్కుకున్నాడు.

పోయిన వానల్లో పెదతాతయ్య కూడా అక్కడే నొక్కుకునేవాడు. పట్నం ఆసుపత్రిలో కాలేయంలో గడ్డ అన్నారు. నాట్లు పూర్తికాకముందే పోయాడు. "కాగితం చేతికొచ్చేదాకా మా అన్న రాయిలా ఉన్నాడు. ఆ కాగితమే చంపింది" అనేవాడు తాతయ్య.

గుమ్మం ముందు మోటారుబండి ఆగింది. లమున్ అత్త మెట్లెక్కి వచ్చి, ఐసుపెట్టె మూత తీసింది.

"ఖమ్‌ఫన్ పెదనాన్నా, నిజంగా నీదేనా? నిన్నటిదాకా నా పేరు చెబితేనే పొలానికి పారిపోయేవాడివి!"

"నాదే. వాసన చూసుకో!"

అందరూ నవ్వారు. డబ్బా పెట్టెలోకి వెళ్ళింది. తాతయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. నేను చూశానని ఆయనకు తెలుసు.

బయటివాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. లమున్ అత్త నన్ను మూగపిల్లా అనే పిలుస్తుంది. ఆమె పెట్టె భుజానికి తగిలించుకుని రెండు మెట్లు దిగింది. ఆ పెట్టె వెళ్ళిపోతే తాతయ్య కడుపు బాగుందని రాసిన కాగితం వస్తుంది. ఇంక ఆయన్ని ఎవరూ ఆసుపత్రికి కదల్చలేరు.

"అత్తా, అది తాతయ్యది కాదు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కేన్ తాత చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏం వాగుతున్నావే?" అన్నాడు తాతయ్య.

"నీ కళ్ళు పసుపెక్కుతున్నాయి తాతయ్యా. పెదతాతయ్యవి ఇలాగే మొదలయ్యాయి."

అమ్మమ్మ గబగబా వచ్చి తాతయ్య గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత వంగి చేప గిన్నె తీసుకుని కుక్కకు కూడా పెట్టకుండా పొయ్యిలో బోర్లించింది.

"అయ్యో, నా కూలి!" అన్నాడు కేన్ తాత. ఎవరూ నవ్వలేదు.

"మీ అన్న ఒళ్ళంతా పచ్చబడ్డాక ఆసుపత్రికి వెళ్ళాడు. నువ్వు ఇప్పుడే వెళ్తున్నావు" అంది అమ్మమ్మ.

లమున్ అత్త వెనక్కి వచ్చి, ఖాళీ డబ్బా ఒకటి చాచింది. తాతయ్య దాన్ని తీసుకోలేదు.

ఆయన లేచాడు. డబ్బా లాక్కున్నట్టు తీసుకుని పెరట్లోని మరుగుదొడ్డి వైపు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. గుమ్మంలో ఆగి నా వైపు తిరిగాడు.

"ఇది కూడా చూస్తావా, దొంగపిల్లా?"

తలుపు నా మొహం మీదే వేసేశాడు.