క భాష

"ఆ పుస్తకం పక్కన పెడితే టీ త్వరగా అవుతుంది గాయత్రీ," అని ముందుగదిలోంచి ఉమాశంకర్ అరిచాడు. పొయ్యి దగ్గర నిలబడి అద్దె నవల చదువుతున్న గాయత్రికి చిర్రెత్తుకొచ్చింది. తను చదవకపోతే నీళ్ళు తొందరగా మరుగుతాయా?

నవల్లో తండ్రి ఎలా చనిపోయాడో అన్నకీ చెల్లెలికీ తెలుసు. ఇద్దరూ కలిసి దాస్తున్నారు. ఆ ఇంటి కోడలు తలుపుచాటున అంతా వింటూ సగం పుస్తకం గడిచినా నోరు విప్పదు. చెప్పవే పిచ్చిమొహమా, నీకేం పోయేకాలం!

టీ పట్టుకుని వెళ్ళేసరికి ఉమాశంకర్, బందరు నుంచి వచ్చిన అతని చెల్లెలు తనూజ గబుక్కున క భాషలోకి మారారు. ప్రతి అక్షరానికీ ముందు ఒక 'క' తగిలించడం వాళ్ళ చిన్ననాటి అలవాటు. అది గాయత్రికి రాదని వాళ్ళ ధీమా. ఎప్పుడైనా అడిగితే కదా! గుడివాడ హాస్టల్లో చదివిన ఆడపిల్లకి ఆ భాష రాకపోవడమేమిటి? కాపురానికి వచ్చిన రోజే తనూజ తనని చూసి "కన కల్ల కగా" ఉందంది. నల్లగా ఉందని. తనకి అర్థమైందంటే వాళ్ళెక్కడ సిగ్గుపడతారోనని గాయత్రే సిగ్గుపడి ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఏళ్ళ తరబడి సాగింది.

ఇవాళ "కమా కన్పిం కచు" అంది తనూజ. మాన్పించు. తుంటి విరిగిన తల్లిని బందరులోని తన ఇంటి నుంచి ఇక్కడికి పంపేయాలట. గాయత్రి చేత స్కూలు ఉద్యోగం మాన్పించాలట. ఇదంతా అమ్మ కోరికేనని చెప్పాలట.

ఉమాశంకర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మ నిన్నే కలవరిస్తోందట గాయత్రీ."

"అవును వదినా, నీ చేతి ముద్దయితేనే దిగుతుందంటోంది. స్కూలుదేముంది, ఎప్పుడైనా చేరొచ్చు."

స్కూలుదేముంది! తను చెప్పేది చివరిదాకా వినే మనుషులు ఉన్నది అక్కడొక్కచోటే. నవల్లో కోడల్ని తిట్టిన తిట్లన్నీ గాయత్రికి ఇప్పుడు తన మీదే పడ్డట్టనిపించాయి.

ట్రే బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని ఇద్దరి మధ్యా కూర్చుంది.

"అత్తయ్యగారిని తప్పకుండా తీసుకురండి. అందరం చూసుకుందాం. నన్ను కలవరించారో లేదో ఆవిడనే అడుగుదాం. ఇక ఉద్యోగం మాటంటారా," అని తనూజ కళ్ళలోకి చూస్తూ, ఒక్కో అక్షరం ఒత్తి పలికింది.

"కనే కను కమా కన కను."