ఒంటిగంట మిస్డ్ కాల్

ఆ వారం ఐదు రోజులు మేరి ఫోన్ మోగలేదు.

అసలు మోగలేదని కాదు. చెల్లెలు చేస్తే మోగింది. రేషన్ డీలర్ చేస్తే మోగింది. మోగనిది మధ్యాహ్నం ఒంటిగంటకు రావలసిన ఒక్క కాల్. ఆమె భర్త గిడ్డయ్య ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వెళ్ళి వస్తాడు. ఒంటిగంటకు మిస్డ్ కాల్ ఇస్తాడు. మోగి ఆగిపోతే అన్నం తిన్నాడని అర్థం. మేరి ఎత్తదు, తిరిగి చేయదు. ఫోన్ ఎత్తితే డబ్బులు పోయే రోజుల్లో మొదలైన అలవాటు అది. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఒకటే అయినా, ఇద్దరూ దాన్ని మార్చుకోలేదు.

గిడ్డయ్యకు షుగర్ ఉంది. నిరుడు పత్తి సీజన్‌లో ఒకరోజు పొద్దున మాత్ర వేసుకుని, పని తెమలక మధ్యాహ్నం తినడం మానేసి, కళ్ళు తిరిగి పడిపోయాడు. దూది కుప్ప మీద పడ్డాడు కాబట్టి దెబ్బ తగల్లేదు. అంతకుముందు మిస్డ్ కాల్‌కు అర్థం బస్సు దిగానని. ఆ రోజు నుంచి దాని వేళా, అర్థమూ మారాయి.

"రాలేదు," అంది మేరి సోమవారం సాయంత్రం.

"ఇచ్చినా," అన్నాడు గిడ్డయ్య.

మంగళవారం అదే మాట, బుధవారం అదే మాట. గురువారం మేరి ఇంకో మాట కలిపింది. "శనివారం దాకా సూస్తా. అప్పటికీ రాకపోతే సోమవారం నుంచి నువ్వు మిల్లుకు పోయేది ల్యా. ఈన్నే ఏదో ఒక పని సూసుకుందువు. మల్ల పడితే ఆడ దూది ఉంటాదో బండ ఉంటాదో."

గిడ్డయ్య ఆ మిల్లులో ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాడు. ఏ మిషన్ ఎప్పుడు మొరాయిస్తుందో చప్పుడు విని చెప్తాడు. అన్నం డబ్బా కడిగి బోర్లించాడు. కాసేపటికి మళ్ళీ తీసి కడిగాడు.

మేరి పని చేసేది దేవేంద్రప్ప మగ్గాల షెడ్డులో. అక్కడ నేతగాళ్ళకు రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. మొన్న ఆదివారం దేవేంద్రప్ప మగ్గాలను వసారాలోంచి పెరటి వైపు కొత్త షెడ్డులోకి మార్చాడు. గోడలు రాయి, పైకప్పు బండలు. టవర్ సిగ్నల్ లోపలికి రాదు. ఆయన చీరలు వీడియో కాల్‌లో చూపించి అమ్ముతాడు కాబట్టి అదే రోజు వైఫై పెట్టించాడు. దాన్ని బిగించిన సుధాకర్ అందరి ఫోన్లూ తీసుకుని ఒక్కొక్కదాంట్లో వైఫై కాలింగ్ ఆన్ చేశాడు. "ఇంగ టవర్‌తో పనిల్యా. మామూలు ఫోన్లే ఈ డబ్బా మీదుగా వస్తాయి," అని చెప్పి వెళ్ళాడు.

శుక్రవారం మేరి అతన్ని పిలిపించింది.

సుధాకర్ ఆమె ఫోన్‌తో రాట్నం పక్కన కూర్చున్నాడు. వైఫై కాలింగ్ ఆన్‌లోనే ఉంది. ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేశాడు. ఫోన్‌లో రెండు సిమ్‌లున్నాయి, గిడ్డయ్య చేసే నంబరుకే ఆన్ అయి ఉందా అని చూశాడు. ఉంది. ఫోన్‌ను ఆపి మళ్ళీ వేశాడు. వైఫై డబ్బానూ ఆపి మళ్ళీ వేశాడు. అప్‌డేట్ ఒకటి మిగిలి ఉంటే చేశాడు, అది ముప్పావు గంట పట్టింది. తర్వాత వీధిలోకి పోయి తన ఫోన్ నుంచి చేశాడు. మోగింది. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ మోగింది.

"మోగుతాంది గదక్కా."

"నువ్వు చేస్తే మోగుతాంది. ఆయన చేస్తే మోగల్యా."

"అయితే గిడ్డన్న ఫోన్ సూడాల."

"అది బటన్ ఫోన్. దాంట్లో సూసేదానికి ఏముంది?"

పక్క రాట్నం దగ్గర కూర్చున్న లక్ష్మి తల ఎత్తలేదు. "నంబరు వేరే ఎవురికో పోతాందేమో సూడు మేరక్కా. ఎవురో ఒకామె రోజూ ఒంటిగంటకు ఎదురు సూస్తాంటాది."

"సూస్తే సూడనీ. తిన్న్యాడో లేదో ఆయమ్మన్నా నాకు సెప్తే సాలు."

ఆ మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఒకటింపావు అయింది. సుధాకర్ పని ఉన్నా పోకుండా కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు. మేరి తనే గిడ్డయ్యకు చేసింది. రింగ్ అయి అయి ఆగిపోయింది. మిల్లు చప్పుడులో ఆయనకు వినపడదని ఆమెకు తెలుసు.

"ఇచ్చినానంటాడు. అబద్ధం సెప్పే మనిషి గాదు," అంది. కాసేపాగి, "సెప్పినా నాకు తెలిసిపోతాది," అంది.

శనివారం పది గంటలకు మేరి, ఒంటిగంటకు మోగుతుందేమో చూడమని తన ఫోన్‌ను లక్ష్మి చేతిలో పెట్టి దేవేంద్రప్ప దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, ఈపొద్దు సగం రోజు సెలవు కావాల."

"యాడికి పోతాండావు?"

"ఆదోనికి. మా ఆయన అన్నం తింటాన్నాడో లేదో సూసొస్తా."

దేవేంద్రప్ప కళ్ళద్దాలు తీశాడు. "ముప్పై కిలోమీటర్లు పోయి సూసేదా? నేను నట్టింట్లో కూసోని తింటేనే సూసేవోళ్ళు ల్యారు. పోయిరా పో."

మిల్లు వాచ్‌మన్ ఆమెను నిరుటి సంగతి వల్ల గుర్తుపట్టాడు. లోపలికి పోనిచ్చాడు. మేరి తలుపు పక్కన నిలబడింది. మిషన్లు రెండు వరుసల్లో ఆడుతున్నాయి. మనుషులు నోరు కదిపితే మాట వినపడటం లేదు, సైగలతో పని నడుస్తోంది. గిడ్డయ్య అటు వైపు గోడ దగ్గర తలకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. కనుబొమల మీద దూది నూగు. ఆమెను చూడలేదు.

గోడ గడియారంలో ఒంటిగంట అయింది. గిడ్డయ్య మిషన్ దగ్గర ఇంకొకరిని నిలబెట్టి పక్కకు వచ్చాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఫోన్ తీశాడు. బటన్ నొక్కాడు. చెవికి పెట్టుకోలేదు. ఫోన్ వైపు చూస్తూ పెదాలు కదిపాడు. మేరి ఆ పెదాలను చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. బొటనవేలితో కట్ చేశాడు. ఫోన్‌ను కవర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గూట్లోంచి అన్నం డబ్బా తీసుకున్నాడు.

తలెత్తితే ఎదురుగా పెండ్లాం. ఆయన డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. మేరి బయటికి రమ్మని చెయ్యి ఊపింది.

మిల్లు వెనక గోడ నీడకు వచ్చాకే ఒకరి మాట ఒకరికి వినపడింది.

"నువ్వేంది ఈడ?"

"ఇప్పుడు ఎవురికి చేస్తివి?"

"నీకే. మోగల్యా?"

"నా ఫోన్ లక్ష్మి దగ్గర పెట్టొచ్చినా. ఐదు లెక్కబెట్టి కట్ చేస్తివే?"

"ఎప్పుడూ అంతే గదా. లోపల నాకేం ఇనపడుతుంది? ఐదు లెక్కబెడితే నీ తట్టు రెండుసార్లు మోగుతుంది. ఇంట్లో ఇద్దరం సూసుకునే పెట్టుకుంటిమి గదా."

నిజమే. నిరుడు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆయన గదిలో, ఆమె వాకిట్లో నిలబడి లెక్క చూసుకున్నారు. మేరి ఇప్పుడు ఆయన ఫోన్ లాక్కుని తన నంబరుకు చేసి చెవికి పెట్టుకుంది. పైకే లెక్కపెట్టింది. ఐదు దాకా చప్పుడు లేదు. ఏడు దాకా లేదు. తొమ్మిది దగ్గర రింగ్ మొదలైంది. లక్ష్మి ఎత్తింది.

"ఇంతకు ముందు ఏమన్నా మోగిందా?" అంది మేరి.

"ల్యాదక్కా. ఇదే మోగడం. తిన్న్యాడా మీ ఆయన?"

షెడ్డులో లక్ష్మి పక్కన సుధాకర్ కూడా ఉన్నాడు. సంగతేందో తేలేదాకా నిద్ర పట్టదని మళ్ళీ వచ్చాడట. ఫోన్ తీసుకుని మేరి చెప్పింది విన్నాడు.

"వైఫై మీదుగా అయితే కాల్ సుట్టు తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి తడవైతాదక్కా," అన్నాడు. "మోగక ముందే కట్ చేస్తే ఈడ ఏమీ తెలీదు. ఏ సెట్టింగూ తప్పు ల్యా. గిడ్డన్న తొందరే తప్పు."

మేరి ఫోన్ పెట్టేసింది. గిడ్డయ్య నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"అది సరే. డబ్బా మూత తీయకముందే ఫోన్ చేస్తివే?"

ఆయన డబ్బా వైపు చూశాడు.

"నిరుడు నుంచి నువ్వు తిన్న్యాక చేస్తాండావనుకుంటినే."

"చేసినాక తింటా. ఒక్కరోజు గూడా ఎగ్గొట్టలేదు. కావాలంటే వాచ్‌మన్‌ను అడుగు."

"ముందే ఎందుకు చేసేది?"

"నేను తిని చేసేతలికి ఒకటిన్నర అయితాది. ఫోన్ మోగినదాకా నువ్వు నీ డబ్బా ముట్టుకోవు. నాకు తెలీదా?"

మేరి గోడకు ఆనుకుని కూర్చుంది. ఐదు రోజులుగా ఆమె మధ్యాహ్నం తినలేదు. సాయంత్రం ఆ అన్నాన్నే ఇంటికి తెచ్చి కోళ్ళకు వేసింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

"తిను," అంది.

గిడ్డయ్య మూత తీశాడు. కొర్రన్నం, గోంగూర పప్పు. సగం మూతలోకి తీసి ఆమె ముందు పెట్టాడు. ఇద్దరూ తిన్నారు. ఆయన చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుంటూ, ఆమె ముఖం చూడకుండా అడిగాడు.

"మల్ల సోమవారం?"

"పో. తిన్న్యాకనే చేయల్ల. పదిహేను లెక్కబెట్టల్ల."

"పదిహేనా? అంతసేపు మిషన్ కాడ ఎవురుంటారు?"

"పదిహేను."

సోమవారం ఒంటిగంట దాటింది. మేరి కండెలు చుడుతూనే ఉంది. లక్ష్మి రెండుసార్లు ఆమె ఫోన్ వైపు చూసింది. ఒకటీ ఇరవై ఐదుకు ఫోన్ మోగింది. తెర మీద గిడ్డయ్య పేరు పడింది. ఆ వేళకు ఆయన చేసిన కాల్‌ను మేరి ఎప్పుడూ ఎత్తలేదు. రాట్నం ఆపి, పచ్చ బటన్ జరిపి, చెవికి పెట్టుకుంది.

మిషన్ల చప్పుడు వచ్చింది. ఆయన ఫోన్‌ను చేతిలో పట్టుకుని లెక్కపెడుతూ ఉంటాడు, ఈవిడ ఎత్తిన సంగతి తెలియదు. మేరి పలకలేదు. పలికినా వినపడదు. కళ్ళు మూసుకుని వింది.

"ఏమంటాన్నాడక్కా?" అంది లక్ష్మి.

మేరి చెయ్యెత్తి ఆగమంది. ఇంకా కాసేపు మిషన్లు ఆడాయి. తర్వాత కాల్ కట్ అయింది.

"తిన్న్యాడు," అని మేరి తన డబ్బా ముందుకు లాక్కుంది.