డాట్ ఆట ఎవరిది?

వెబ్‌సైట్ల పేర్ల చివర డాట్ కామ్ అని ఉంటుంది చూశారూ, అలాంటిదే కొత్త తోక ఒకటి రాబోతోంది: డాట్ ఆట. ఆటల సైట్లన్నీ ఇకమీదట ఆ తోక తగిలించుకోవచ్చు. దాన్ని నడిపే హక్కు కోసం పదకొండు కంపెనీలు ఎగబడగా చివరికి రెండు మిగిలాయి. ఒకటి అద్దాల భవనంలో ఉంది. రెండోది బట్టల దుకాణం పైన రెండు గదుల్లో తమ్ముడు నడుపుతున్న పజిళ్ళ కంపెనీ. అందులో నలుగురు మనుషులు, రెండు ఫ్యాన్లు. ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం అక్కది.

డాట్ ఆట ఆలోచన అసలు తమ్ముడిదే. అద్దాల భవనంలో పనిచేసే రోజుల్లో చెబితే అక్కడి పెద్దాయన నవ్వి పంపేశాడు. వాడు బయటికొచ్చి సొంతంగా దరఖాస్తు పెట్టగానే ఆయనా పెట్టాడు. ఇప్పుడు ఓడితే ఈ గదులకు తాళం వేసి మళ్ళీ ఆయన దగ్గరే కొలువుకు చేరాలి. వారం నుంచి గడ్డం గీసుకోని తమ్ముణ్ణి చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆఖరి పరీక్ష ఇదీ: రోజూ ఆటలాడేవాళ్ళ నుంచి వంద మద్దతు ఉత్తరాలు తేవాలి. ఈ తోకల హక్కులు పంచే పేర్ల సంస్థ అధికారి వారిలో ఇరవై మందికి ఫోన్ చేస్తాడు. "రాసింది నేనే" అని వాళ్ళు నోటితో చెప్పాలి. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే ఆ ఉత్తరం చెల్లదు.

తమ్ముడు ఆటల్లో వందమంది కుర్ర ఛాంపియన్లను పోగుచేశాడు. గడువు ఇంకా రెండు రోజులుందనగా అక్క ఆఫీసు ఫోన్ నుంచి వరసగా పన్నెండు మందికి చేసి చూసింది. ఒక్కడూ ఎత్తలేదు. ఒకడు మాత్రం "ఎవరు?" అని మెసేజ్ పెట్టాడు.

"ఒరేయ్, వీళ్ళు కొత్త నంబరు ఎత్తేరకం కాదు."

"ఎవరెత్తుతారక్కా ఈ రోజుల్లో? నేనూ ఎత్తను."

"నా ఫిర్యాదుల వాళ్ళు ఎత్తుతారు. రిటైరైన నర్సుగారు రోజుకు మూడు గంటలు రంగు గోళీలు పేలుస్తుంది. పళ్ళ డాక్టరు భార్య గళ్ళనుడి నింపందే పక్క దిగదు."

"వాళ్ళా గేమర్లు? పరువు పోతుందక్కా!"

"రోజూ ఆడాలన్నారు గానీ, అప్పుడే మీసం మొలిచి ఉండాలన్నారా?"

తమ్ముడు నిబంధనలు మళ్ళీ చదివాడు. మీసం మాట ఎక్కడా లేదు.

రెండు రోజుల్లో అక్క గొంతు బొంగురుపోయింది, వంద ఉత్తరాలు వచ్చాయి. నర్సుగారు మద్దతు రెండు వాక్యాల్లో ముగించి, నాలుగు వందల పన్నెండో లెవెల్ అన్యాయంగా ఉందని ఒకటిన్నర పేజీ రాసింది. అక్క దాన్నే అన్నిటికంటే పైన పెట్టి పంపింది. నిజంగా ఆడే మనిషే అనడానికి అంతకు మించిన రుజువేముంటుంది?

తర్వాతి వారం అధికారి ఫోన్ చేశాడు. పాపం, గొంతులో ఓపిక అడుగంటింది.

"ఇరవైకి ఇరవై మందీ మొదటి రింగుకే ఎత్తారండీ. ఎత్తించడానికి కాదు, ఫోన్ పెట్టించడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఒకావిడ మా పిల్లలు ఏం చదవాలో కూడా తేల్చేసింది."

"మరి అవతలివాళ్ళండీ?" అంది అక్క, ఏమీ ఎరగనట్టు.

"ముగ్గురే ఎత్తారు. డాట్ ఆట మీదే. కాగితాలు రేపు పంపుతాం."

తమ్ముడు కుర్చీ ఎక్కి అరిచిన అరుపుకు కింద దుకాణంలో బట్టలు కొలిచేవాళ్ళు చేతిలో టేపులతోనే పైకి పరిగెత్తుకొచ్చారు. విషయం సగమే అర్థమైనా వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం అద్దాల భవనం పెద్దాయనే స్వయంగా ఫోన్ చేశాడు.

"అమ్మా, అబ్బాయినోసారి మా ఆఫీసుకు పంపండి. కలిసి పనిచేద్దాం."

"వాడికి క్షణం తీరిక లేదండీ. మీరే వచ్చెయ్యండి. మెట్లు కాస్త ఇరుకు, చూసుకుని ఎక్కాలి."

మర్నాడు పదకొండింటికల్లా ఆయన ఎక్కాడు. తమ్ముడు గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడని చెప్పి, అక్క ఆయన్ని ఫ్యాను తిరగని గదిలో కూర్చోబెట్టింది.